ఐడిల్‌లో ఆడుతుంది, రేస్ అందుకోదు: సెకండ్ హ్యాండ్ కారు ఇంజిన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

స్టార్ట్ అవుతోంది, ఐడిల్‌లో నిలకడగా ఆడుతోంది. ఆక్సిలరేటర్ తొక్కితే మాత్రం రేస్ అందుకోవడం లేదు. అదెలా?

ఐడిల్‌లో ఇంజిన్‌కు పెద్ద పనేమీ ఉండదు. తనను తాను తిప్పుకోవాలి, ఆల్టర్నేటర్‌నూ నీళ్ల పంపునూ తిప్పాలి, అంతే. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు సుమారు 2 గ్రాముల గాలి పీల్చుకుంటే సరిపోతుంది. అదే ఇంజిన్ 6000 దగ్గర పూర్తి లోడుతో లాగాలంటే 60 గ్రాములకు పైనే కావాలి. గాలి ముప్పై రెట్లు అయితే పెట్రోలూ ముప్పై రెట్లు, వెనక నుంచి బయటికి పోవాల్సిన పొగా ముప్పై రెట్లు. అందుకే సగం పూడుకుపోయిన ఫిల్టర్ అయినా, నీరసించిన పంపు అయినా, మూసుకుపోయిన సైలెన్సర్ దారి అయినా ఐడిల్‌లో బయటపడవు.

ఇక్కడో మెలిక ఉంది. న్యూట్రల్‌లో రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ మీద లోడు ఉండదు కాబట్టి 3000 ఆర్‌పీఎం దాకా లేవడానికి పూర్తి లోడులో కావాల్సిన గాలిలో చిన్న భాగం చాలు. ఆ మాత్రం కూడా అందడం లేదంటే అడ్డం చిన్నది కాదు. న్యూట్రల్‌లో బాగా లేచి, ఎత్తు ఎక్కేటప్పుడు చచ్చుబడే బండికీ, న్యూట్రల్‌లోనే 2000 దాటని బండికీ వెతకాల్సిన చోట్లు చాలావరకు ఒకటే. రెండోదానిలో మాత్రం జబ్బు బాగా ముదిరి ఉంటుంది, లేదా ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే కావాలని ఆపుతూ ఉంటుంది.

"రేస్ అందుకోవడం లేదు" అని చెబితే మెకానిక్ ఇంకా ఇంకా అడుగుతున్నాడు. ఎందుకు?

ఆ మూడు మాటల కింద వేరువేరు జబ్బులు దాక్కుంటాయి కాబట్టి. ఇంజిన్ వేడెక్కాక, బండి న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, పెడల్‌ను మెల్లగా తొక్కి చూడండి, తర్వాత గబుక్కున తొక్కి చూడండి. ఆ తేడా చాలా చెబుతుంది.

పెడల్ ఎంత తొక్కినా ఇంజిన్ గొంతే మారకపోతే, దగ్గూ వణుకూ ఏమీ లేకుండా మామూలు కన్నా కాస్త ఎక్కువ ఐడిల్‌లో అలాగే ఆడుతుంటే, అది దాదాపు ఎలక్ట్రానిక్స్ వ్యవహారం. పెడల్ మాట థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) దాకా చేరడం లేదు. గబుక్కున తొక్కితే ఒక్క క్షణం ఆగి, దగ్గి, ఇన్‌టేక్ వైపు టప్‌మని కొడితే పెట్రోలు తక్కువగా అందుతోందని అనుమానించాలి. మెల్లగా తొక్కితే సాఫీగా 2500 వరకు లేచి, అక్కడ గొంతు బొంగురుపోయి, పెడల్ అలాగే ఉన్నా ఆర్‌పీఎం కిందికి జారుతుంటే పొగ బయటికి పోయే దారి చూడాలి. సరిగ్గా ఒకే అంకె దగ్గర, ప్రతిసారీ, కత్తితో కోసినట్టు ఆగిపోతే అది పరిమితి. ఇంజిన్‌కు చేతకాక కాదు, కంప్యూటర్ ఒప్పుకోక.

ఫోన్‌లో టాకోమీటర్‌ను (ఆర్‌పీఎం చూపే మీటర్), శబ్దాన్ని కలిపి వీడియో తీసి పెట్టుకోండి. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి బండి మంచిపిల్లలా ప్రవర్తించడం మామూలే.

న్యూట్రల్‌లో 4000 దగ్గర ఆగిపోతోంది, రోడ్డు మీద మాత్రం 6000 వరకు వెళ్తోంది. ఇది ఫాల్టేనా?

కాదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్‌ను అనవసరంగా రేస్ చేయకుండా చాలా కొత్త కార్లలో, ముఖ్యంగా ఆటోమేటిక్‌లలో, తక్కువ పరిమితి పెడతారు. రోడ్డు మీద పికప్ బాగుంటే దీన్ని వదిలేయండి. దీనికే థ్రాటిల్ బాడీ మార్పించుకున్నవాళ్లున్నారు.

కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ లేదు. చేతులతో, కళ్లతో ఏం చూడగలను?

చాలానే చూడొచ్చు. మొదటగా పెడల్ దగ్గర వంగి చూడండి. మ్యాట్ మీద మ్యాట్ వేసి ఉంటే పెడల్ సగం దారిలోనే ఆగిపోతుంది. ఇది నవ్వులాటకు చెబుతున్నది కాదు, వాడిన బండ్లలో నిజంగానే కనిపిస్తుంది. పాత బండి అయితే ఆక్సిలరేటర్ కేబుల్ ఉంటుంది. బానెట్ ఎత్తి, లోపల ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతుంటే బయట థ్రాటిల్ లివర్ చివరిదాకా తిరుగుతోందో లేదో ఇంజిన్ ఆపి ఉండగానే గమనించండి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. నెలల తరబడి కదలకుండా ఉన్న బండి అయితే లోపల ఎలుక గూడు ఉండొచ్చు. సీటు స్పాంజి ముక్కలు, ఎండుటాకులు, నమిలేసిన కాగితం కుక్కి పెట్టి ఉంటుంది. ఫిల్టర్ పైనే కాదు, డబ్బాలోకి గాలి వచ్చే గొట్టంలోనూ చేయి పెట్టి చూడాలి. పైన ఫిల్టర్ కొత్తగా మెరుస్తూ, కింద గొట్టం నిండా చెత్త ఉండటం అరుదేమీ కాదు.

ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని మడతల దగ్గర వేళ్లతో విప్పదీసి చూడండి. పగులు మడత లోపల దాక్కుని ఉంటుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు మూసుకుని, రేస్ ఇవ్వగానే ఇంజిన్ ఒక పక్కకు ఒరిగినప్పుడు తెరుచుకుంటుంది. గాలి సెన్సర్ దాటిన తర్వాత దొంగదారిన వచ్చే ఆ గాలి లెక్కలోకి రాదు. దానికి తగ్గ పెట్రోలు పడదు.

చివరగా సైలెన్సర్ కొస దగ్గర, గొట్టాన్ని తాకకుండా అరచేయి కొంచెం ఎడంగా పెట్టి రేస్ ఇప్పించండి. పొగ తోపు పెరగాలి. ఇంజిన్ గొంతు మారుతున్నా చేతికి తగిలే గాలి అలాగే బలహీనంగా ఉంటే అనుమానం నోట్ చేసుకోండి. ఇవన్నీ ఆరుబయటే చేయాలి. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు.

స్కానర్ ఉంది. ఫాల్ట్ కోడ్ ఏదీ లేదు. ఇంక ఏం చూడాలి?

కోడ్ లేకపోవడం అంటే జబ్బు లేకపోవడం కాదు. తన లెక్కకు అందే తప్పునే కంప్యూటర్ చెబుతుంది. ఫిల్టర్ పూడుకుపోయిందనో, సైలెన్సర్ దారి మూసుకుపోయిందనో నేరుగా చెప్పే సెన్సర్ చాలా పెట్రోలు కార్లలో లేదు. అసలు సంగతి లైవ్ డేటాలో, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే అంకెల్లో ఉంటుంది. చవక బ్లూటూత్ అడాప్టర్ కూడా దీనికి చాలు.

పెడల్ దగ్గర మొదలుపెట్టి గొలుసు పట్టుకుని వెళ్లండి. ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, పెడల్ పొజిషన్ చూడండి. మెల్లగా తొక్కుతుంటే అంకె మధ్యలో దూకకుండా, ఆగకుండా పెరగాలి. పెడల్‌లో సాధారణంగా రెండు సెన్సర్లు ఉంటాయి. చాలా బండ్లలో ఒకదాని వోల్టేజి రెండోదానికి రెట్టింపు ఉంటుంది. ఆ నిష్పత్తి చెడగానే కంప్యూటర్ రెండింటినీ నమ్మడం మానేస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ ఆడుతుండగా థ్రాటిల్ పొజిషన్ చూడండి. కంప్యూటర్ అడిగిన కోణం, థ్రాటిల్ నిజంగా తెరుచుకున్న కోణం ఒకదాని వెంటే ఒకటి కదలాలి. పెడల్ 60 శాతం చూపిస్తూ థ్రాటిల్ 12 దగ్గరే ఉంటే పెట్రోలు, స్పార్క్ గురించి ఆలోచించడం దండగ.

థ్రాటిల్ తెరుచుకుంటోందా? అయితే గాలి. ఎమ్‌ఏఎఫ్ (లోపలికి వచ్చే గాలిని కొలిచే సెన్సర్) ఉన్న బండి అయితే సెకనుకు ఎన్ని గ్రాములో చూపిస్తుంది. రేస్ ఇచ్చినప్పుడు అంకె గట్టిగా పైకి లేవాలి. మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లోని గాలి పీడనం కొలిచేది) ఉన్న బండి అయితే, టర్బో లేని ఇంజిన్‌లో సముద్ర మట్టం దగ్గర ఐడిల్‌లో సుమారు 30 నుంచి 40 కిలోపాస్కల్ ఉండాలి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే బయటి గాలి పీడనం, అంటే సుమారు 100 చూపించాలి. ఎత్తైన ఊళ్లలో ఇది తగ్గుతుంది.

ఆ తర్వాత ఫ్యూయెల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తన లెక్క మీద పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె. తీర్పు చెప్పేది ఇదే, కానీ చాలామంది చూడరు. ఐడిల్‌లో ట్రిమ్ సున్నా దగ్గర ఉండి, ఆర్‌పీఎం పెరిగే కొద్దీ ప్లస్ 15, ప్లస్ 20 అంటూ ఎక్కుతుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎమ్‌ఏఎఫ్ గాలిని తక్కువ చేసి చెబుతోంది. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, రేస్‌లో సున్నాకు దిగితే వాక్యూమ్ లీకు, అది ఈ జబ్బు కాదు. గాలి తక్కువగా ఉంటూ, ట్రిమ్ మాత్రం మామూలుగానే ఉంటూ, ఇంజిన్ లేవకపోతే వెనక దారి మూసుకుందేమో చూడాలి. ఎందుకంటే లోపలికి వస్తున్న కాస్త గాలికి తగ్గ పెట్రోలు సరిగ్గానే పడుతోంది, మిశ్రమంలో తప్పే లేదు.

లింప్ మోడ్ అంటున్నారు. అదేంటి, ఎలా గుర్తుపట్టాలి?

ఏదో ఒక ముఖ్యమైన సెన్సర్ మీద నమ్మకం పోయినప్పుడు కంప్యూటర్ బండిని ఇల్లు చేరేంత శక్తికి కట్టేస్తుంది. థ్రాటిల్ మోటార్‌కు కరెంటు ఆపేస్తే లోపలి స్ప్రింగు థ్రాటిల్ ఆకును కొద్దిగా తెరిచిన స్థితిలో నిలబెడుతుంది. అందుకే ఐడిల్ 800 ఉండాల్సిన బండి 1200 పైన ఆడుతూ, పెడల్‌కు మాత్రం పలకదు. ఒక్క చూపులోనే చిక్కే గుర్తు ఇదే. పి2135 థ్రాటిల్ సెన్సర్ల మధ్య పొంతన లేదని, పి2138 పెడల్ సెన్సర్ల మధ్య పొంతన లేదని చెబుతాయి. పి0120 నుంచి పి0123 వరకు కోడ్‌లు కూడా ఈ కుటుంబమే.

కోడ్ కనిపించగానే ఆ పేరున్న పార్టు కొనేయకండి. ఆ సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల లైను, ఎర్త్ వైరు, కనెక్టర్‌లోని పిన్నులు ముందు చూడాలి. వరద నీళ్లు చూసిన బండిలో పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. అదే 5 వోల్టుల లైను మీద ఉన్న ఇంకో సెన్సర్ షార్ట్ అయినా పెడల్ మీద నింద పడుతుంది. బ్యాటరీ బలహీనమైనా, టెర్మినల్ వదులైనా ఇలాంటి కోడ్‌లు వచ్చి పోతుంటాయి.

థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాను, ఐడిల్ ఇంకా పాడైంది. ఏమైంది?

మసి పట్టిన ఆకుకు అలవాటుపడి కంప్యూటర్ దాన్ని కొంచెం ఎక్కువ తెరిచి ఉంచడం నేర్చుకుంది. మసి పోయాక అదే కోణంలో గాలి ఎక్కువ వస్తుంది. స్కానర్‌తోనో, కంపెనీ చెప్పిన పద్ధతిలోనో ఐడిల్ రీలెర్న్ చేయించాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఆకును వేలితో నెట్టకండి. మోటార్ పళ్లు పోతాయి, వేలూ పోవచ్చు.

పంపు శబ్దం వినిపిస్తోంది. అంటే పెట్రోలు వస్తున్నట్టే కదా?

శబ్దం మోటార్ తిరుగుతోందని చెబుతుంది, ఎంత తోస్తోందో చెప్పదు. అరిగిపోయిన పంపు ఇంకా గట్టిగా మోగుతుంది. గేజ్ పెట్టి చూడటమే మార్గం. పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో ఫ్యూయెల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) దగ్గర పీడనం మామూలుగా 3 నుంచి 4 బార్, అంటే సుమారు 43 నుంచి 58 పీఎస్ఐ. మీ మోడల్‌కు సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఐడిల్‌లో గేజ్ సరిగ్గా చూపించడం చూసి ఊరుకోవద్దు. గేజ్ అలాగే ఉంచి రేస్ ఇవ్వాలి, వీలైతే రోడ్డు మీద లోడుతో చూడాలి. పెడల్ తొక్కినప్పుడు ముల్లు కిందికి కూలిపోతుంటే దోషి దొరికినట్టే. అప్పుడు ఫిల్టరా, ట్యాంకు లోపలి జాలీనా, పంపా, పంపుకు కరెంటు తెచ్చే వైరా అన్నది తేల్చుకోవాలి. పంపు కనెక్టర్ దగ్గర, పంపు తిరుగుతుండగా వోల్టేజి కొలవండి. మామూలు రిలే పద్ధతిలో నడిచే పంపు అయితే బ్యాటరీ దగ్గర 13.8 ఉండి పంపు దగ్గర 10.5 మాత్రమే వస్తుంటే కొత్త పంపు వేసినా అంతే. వేగాన్ని మాడ్యూల్ నియంత్రించే పంపులకు ఈ లెక్క వర్తించదు. ఏడాది పాటు వాడకుండా నిలిచిన బండిలో పాత పెట్రోలు జిగురు కట్టి జాలీకి అతుక్కుంటుంది. ట్యాంకు కడగకుండా పంపు మార్చడం డబ్బు పారేయడమే.

లైను విప్పే ముందు పీడనం తీసేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ఇంజిన్ చల్లారి ఉండాలి. అలవాటు లేకపోతే ఈ పని వర్క్‌షాప్‌కు వదిలేయండి.

పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందని ఎలా రూఢి చేసుకోవాలి?

మూడు దారులున్నాయి. మొదటిది వాక్యూమ్ గేజ్. ఇన్‌టేక్‌కు గేజ్ తగిలిస్తే మంచి ఇంజిన్ ఐడిల్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ చూపిస్తుంది. 2500 దగ్గర నిలకడగా పట్టి ఉంచండి. ముల్లు మొదట్లో బాగానే ఉండి, అర నిమిషం, నిమిషం గడిచే కొద్దీ మెల్లగా జారుతూ పోతే పొగ వెనక్కి తన్నుతోంది. గేజ్ లేకపోతే మ్యాప్ సెన్సర్ అంకెను అలాగే చూడొచ్చు. అప్పుడది మెల్లగా పైకి పాకుతుంది.

రెండోది సరిగ్గా కొలవడం. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ కంతలో బ్యాక్ ప్రెషర్ గేజ్ బిగిస్తారు. ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్ఐ లోపు, 2500 దగ్గర 3 పీఎస్ఐ లోపు ఉంటే దారి బాగున్నట్టు లెక్క. మూడోది గేజ్ లేనివాళ్ల పద్ధతి. చల్లటి ఇంజిన్‌కు అదే సెన్సర్ విప్పి, వైరు వేడి తగలకుండా పక్కకు కట్టి, స్టార్ట్ చేసి రేస్ ఇవ్వడం. చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుంది, కంతలోంచి మంటలాంటి పొగ తన్నుతుంది, దూరంగా ఉండాలి. అయితే అప్పటిదాకా 2000 దాటని ఇంజిన్ చటుక్కున 4000కు లేస్తే ఇంక వాదన అక్కర్లేదు.

రబ్బరు సుత్తితో కన్వర్టర్ మీద తడితే లోపల గలగలమంటే పింగాణీ గూడు విరిగినట్టే. కన్వర్టర్ దానంతటది సాధారణంగా చావదు, ఎవరో చంపుతారు. మిస్సింగ్ కొడుతున్నా (ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా కాలకపోయినా) పట్టించుకోకుండా తిప్పిన బండిలో కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది, గూడు కరిగి ముద్దవుతుంది. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలగడం వేరు, టకటకా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే ఈ నష్టం జరుగుతున్నట్టు హెచ్చరిక. ఇంజిన్ ఆయిల్ తాగే బండిలో బూడిద పేరుకుంటుంది. మూలకారణం వదిలేసి కొత్త కన్వర్టర్ వేస్తే అది కూడా ఆ దారినే పోతుంది.

ఎమ్‌ఏఎఫ్ ప్లగ్ పీకితే బండి బాగా లేచింది. సెన్సర్ మార్చేయాలా?

తొందర వద్దు. ప్లగ్ పీకగానే చాలా బండ్లలో కంప్యూటర్ ఆ సెన్సర్‌ను పక్కన పెట్టి, థ్రాటిల్ కోణం, ఆర్‌పీఎం చూసి అంచనాతో నడుపుతుంది. అంచనాతోనే బాగా నడిచిందంటే సెన్సర్ చెప్పే లెక్క తప్పని తెలుస్తుంది. కానీ సెన్సర్ పాడైనా అంతే, దాని తర్వాతి గొట్టం చిరిగినా అంతే. గొట్టం చూసి, ఎమ్‌ఏఎఫ్ కోసమే అమ్మే క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, మళ్లీ చూడండి. తీగను గుడ్డతో తుడవొద్దు, బ్రేక్ క్లీనర్ వాడొద్దు. నూనె పూసి వాడే స్పోర్ట్స్ ఎయిర్ ఫిల్టర్ ఉన్న బండి అయితే ఆ నూనె తీగకు అంటుకునే అవకాశం ఎక్కువ. పీకినందుకు ఒక కోడ్ పడుతుంది, తర్వాత తీసేయొచ్చు.

టైమింగ్ చైను పన్ను దాటితే ఇంజిన్ అసలు స్టార్టే కాదు కదా?

ఒక్క పన్ను అయితే చాలా ఇంజిన్లు స్టార్ట్ అవుతాయి, ఐడిల్‌లో ఆడతాయి కూడా. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ గేరుకు 40 పళ్లు ఉన్నాయనుకుందాం. ఒక పన్ను తప్పితే క్యామ్ 9 డిగ్రీలు, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ లెక్కలో 18 డిగ్రీలు పక్కకు పోయినట్టు. వాల్వులు తెరుచుకునే వేళ తప్పుతుంది, ఊపిరి అందదు. ఐడిల్ వాక్యూమ్ నిలకడగానే ఉన్నా 17కు బదులు 12, 13 చూపిస్తుంది. క్యామ్‌కూ క్రాంక్‌కూ పొంతన లేదని చెప్పే పి0016 లాంటి కోడ్ పడితే, చల్లటి స్టార్ట్‌లో చైను గరగరమని మోగితే, కంప్రెషన్ అన్ని సిలిండర్లలో ఒకేలా తక్కువగా ఉంటే ఇటు చూడాలి. కొన్ని ఇంజిన్లలో ఇదే కోడ్ ఆయిల్ మురికిగా, తక్కువగా ఉండి వీవీటీ వాల్వు (క్యామ్ టైమింగ్ మార్చే ఆయిల్ వాల్వు) ఇరుక్కున్నా వస్తుంది. ముందు డిప్‌స్టిక్ తీయండి.

ఈ అనుమానం ఉన్నప్పుడు రేస్ ఇచ్చి పరీక్షలు చేయడం మానేయాలి. పిస్టన్, వాల్వు తగిలే రకం ఇంజిన్ అయితే ఇంకో పన్ను దాటితే హెడ్ విప్పాల్సి వస్తుంది.

స్పార్క్ ప్లగ్‌లు, కాయిళ్లు?

కారణం కావచ్చు, కానీ అప్పుడు ఐడిల్‌లోనో లోడులోనో మిస్సింగ్ కనిపిస్తుంది, పి0300 వరుస కోడ్‌లు పడతాయి. నాలుగు సిలిండర్లూ ఒకేసారి, సాఫీగా నీరసించాయంటే స్పార్క్‌ను చివర్లో చూడొచ్చు.

డీజిల్ కారులో లెక్క మారుతుందా?

చాలా. మామూలు పెట్రోలు ఇంజిన్‌ను గాలితో నియంత్రిస్తారు, డీజిల్‌ను ఇంధనంతో. డీజిల్ ఫిల్టరే మొదటి అనుమానితుడు. ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే మార్చేయండి. విప్పిన ఫిల్టర్‌లోని డీజిల్‌ను గాజు సీసాలో పోసి కాసేపు ఉంచితే అడుగున నీళ్లు వేరుగా కనిపిస్తాయి. స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూడండి. కామన్ రైల్ ఇంజిన్లలో ఐడిల్‌లో సుమారు 250 నుంచి 350 బార్ ఉంటుంది, రేస్ ఇస్తే చాలా పైకి పోవాలి. కంప్యూటర్ అడిగినదాన్ని అసలు పీడనం అందుకోలేకపోతే పి0087 పడి, బండి లింప్‌లోకి వెళ్తుంది. ఆ లైన్లను ఇంజిన్ ఆడుతుండగా వదులు చేయడం, లీకు కోసం వేలు పెట్టి వెతకడం ఎప్పుడూ చేయకూడదు. ఆ పీడనంలో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆపరేషన్ కావాల్సిన ప్రమాదం అది.

ఆ తర్వాత డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. ఊళ్లోనే చిన్న దూరాలు తిరిగిన డీజిల్ కారులో మసి కాలిపోయే అవకాశం రాక ఫిల్టర్ నిండుతుంది. పి2463 ఆ సంగతి చెబుతుంది. టర్బో గొట్టం ఊడినా, చిరిగినా రేస్‌లో హిస్సుమని గాలి శబ్దం, వెనక నల్ల పొగ, టర్బో ఒత్తిడి చాలడం లేదని చెప్పే పి0299 కోడ్ వస్తాయి. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కున్నా నల్ల పొగే. పెట్రోలు ఇంజిన్‌లో ఈజీఆర్ ఇరుక్కుంటే మాత్రం ఐడిల్ చెడి, రేస్‌లో బాగుపడుతుంది. అది మన జబ్బుకు తిరగబడిన రూపం.

పాత కార్బురేటర్ బండి ఉంది.

గబుక్కున తొక్కితే ఆగి, మెల్లగా తొక్కితే లేస్తుంటే ఆక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ పోయింది. మెల్లగా తొక్కినా లేవకపోతే మెయిన్ జెట్ పూడుకుంది. ఐడిల్‌కు వేరే సన్న దారి ఉంటుంది కాబట్టి అది మాత్రం ఆడుతూనే ఉంటుంది. జెట్‌ను ఇనుప తీగతో పొడవకండి, కంత పెద్దదవుతుంది. గాలి కొట్టించండి.

ఇంజెక్టర్ క్లీనర్ సీసా ట్యాంకులో పోస్తే తగ్గుతుందా?

న్యూట్రల్‌లోనే లేవని ఇంజిన్‌కు సీసాతో పని జరగదు. ఆ డబ్బు ప్రెషర్ గేజ్ అద్దెకు పెట్టండి.

ఇలాంటి కారు కొనబోతున్నాను. "చిన్న సెన్సర్ ప్రాబ్లమే" అంటున్నాడు అమ్మేవాడు. నమ్మొచ్చా?

చిన్న సెన్సరే అయితే ఆయనే మార్పించి, మంచి ధరకు అమ్ముకునేవాడు. అయినా నిజమూ అయి ఉండొచ్చు, కాబట్టి మాటతో కాకుండా అంకెలతో తేల్చుకోండి.

చల్లటి ఇంజిన్ చూపించమనండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్కానర్ పెట్టి కోడ్‌లు చూసే ముందు రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తన పరీక్షలు పూర్తి చేసిందో లేదో చెప్పేవి) చూడండి. సగానికి సగం "పూర్తి కాలేదు" అని ఉంటే కోడ్‌లను ఈమధ్యే తుడిచేశారు, లేదా బ్యాటరీ తీశారు. కోడ్‌లు తుడిచాక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచింది అన్న అంకెను కూడా చాలా కార్లు ఇస్తాయి. అది 4 కిలోమీటర్లు చూపిస్తుంటే శుభ్రమైన కోడ్ లిస్టుకు విలువ లేదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు ఒకసారి వెలగాలి. వెలగకపోతే పని చేయడం లేదని కాదు, దాన్ని కావాలనే ఆపారేమోనని అనుమానించాలి.

నా పద్ధతి అయితే ఇది: బేరం ఆడేటప్పుడు జబ్బు కనిపెట్టనంత వరకు దాన్ని అన్నిటికన్నా ఖరీదైన కారణంగానే లెక్కేస్తాను. పెట్రోలు అయితే టైమింగ్, కన్వర్టర్. డీజిల్ అయితే హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు, డీపీఎఫ్. ఆ ఖర్చు తీసేసినా గిట్టే ధరకు వస్తే తీసుకోవచ్చు. అమ్మేవాడు గంటసేపు వర్క్‌షాప్‌కు తీసుకెళ్లనివ్వకపోతే ఏ ధరకూ వద్దు.

కంప్యూటర్ పోయిందని ఒకరు చెప్పారు.

ఉండొచ్చు గానీ అరుదు. అలా చెప్పినవాళ్లను రెండు అడగండి: కంప్యూటర్‌కు వచ్చే అన్ని పవర్, ఎర్త్ వైర్లను లోడుతో కొలిచారా? పెడల్ సిగ్నల్ లోపలికి సరిగ్గా వెళ్తూ, థ్రాటిల్‌కు ఆర్డర్ రాకపోవడం మీటర్‌తో చూశారా? రెండింటికీ జవాబు లేకపోతే ఇంకో చోటికి వెళ్లండి.

వర్క్‌షాప్ దాకా నడుపుకుంటూ వెళ్లొచ్చా?

లైటు కొట్టుకుంటుంటే, చైను మోగుతుంటే, ఆయిల్ లైటు వెలిగితే, కాలిన వాసన వస్తే వద్దు, లాగించుకెళ్లండి. మూసుకుపోయిన కన్వర్టర్ ఎర్రగా కాలి, కింద ఎండుగడ్డి ఉంటే అంటించగలదు. ఇవేవీ లేని లింప్ మోడ్ అయితే పక్క లేనులో, వేగంగా వెళ్లే హైవే ఎక్కకుండా వెళ్లొచ్చు. సమస్యంతా ఓవర్‌టేక్ చేయబోయినప్పుడు, కూడలి దాటేటప్పుడు వస్తుంది. పెడల్ తొక్కాక బండి కదలదన్న సంగతి వెనక వచ్చే లారీకి తెలియదు కాబట్టి హజార్డ్ లైట్లు వేసుకుని నడపండి.